నీళ్ళు పోసిన పాపం

మూడు వారాలపాటు రోజు విడిచి రోజు నా కారు రేడియేటరులో నీళ్ళు పోశాను. పొద్దున్నే బానెట్ ఎత్తడం, డబ్బా మీది గీతకు నీళ్ళు ఎంత కిందికి దిగాయో చూడడం, సీసా వంచడం, బానెట్ మూసి చేతులు దులుపుకోవడం, ఇదంతా అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ నా కంటికి నేను ఎంతో బాధ్యత గల మనిషిలా కనిపించేవాణ్ణి. మనవాళ్ళకు నీళ్ళు పోయడమంటేనే పుణ్యం. చెట్టుకు పోసినా, బాటసారి దోసిట్లో పోసినా, ఎండాకాలంలో చలివేంద్రం పెట్టినా పుణ్యమే. అటువంటి పనిలో పాపం కూడా ఉండగలదా అన్న ప్రశ్న నాకు గత వేసవిలో ఎదురయింది. అప్పుడు నేను తొప్పూరు ఘాట్‌లో, మండుటెండలో, ఎనభై రెండేళ్ళ మా అమ్మను రోడ్డు పక్కన చింతచెట్టు కింద కూర్చోబెట్టి నిలబడి ఉన్నాను.

సూచన లేకుండా ఆపద రాలేదు. హోసూరులో మా ఇంటి వాకిట్లో, నా భార్య ముగ్గు వేసే చోటికి జానెడు దూరంలో, ఒక పచ్చటి మరక కనబడడం మొదలయింది. "ఏమిటండీ ఇది, కడిగినా మళ్ళీ వస్తోంది?" అని అడిగింది. "ఏసీ నీళ్ళు" అన్నాను. ఏసీ నుంచి కారేవి రంగు లేని నీళ్ళని నాకు తెలుసు. బండిలో అప్పుడప్పుడు ఒక తియ్యటి వాసన వేసేది. అది నీటితో కలిపి రేడియేటరులో పోసే కూలెంటు వాసన. ఇక మూడో సూచన నా చేతిలోని సీసాయే. రేడియేటరులో తిరిగిన నీళ్ళే మళ్ళీ తిరుగుతాయి. తాగేసే నోరు అక్కడ ఏదీ లేదు. తగ్గుతున్నాయంటే ఎక్కడో కారుతున్నాయనే అర్థం. బీకాంలో నేను నేర్చుకున్న ఏ జమాఖర్చు లెక్కా ఇంతకన్నా తేలికైనది కాదు. అయినా ఎక్కడ కారుతోందో వెతకలేదు. ఎంత కారిందో అంత పోశాను.

సేలంలో బంధువుల ఇంట పెళ్ళి. అమ్మను, నా భార్యను తీసుకుని వెళ్ళాను. వెళ్ళేటప్పుడు రోడ్డు ఎక్కువ భాగం దిగుడు కాబట్టి బండి కిమ్మనలేదు. వచ్చేటప్పుడు కథ వేరు. సేలం నుంచి ధర్మపురి వైపు వచ్చేవాళ్ళకు తొప్పూరు దగ్గర ఎత్తు మొదలవుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే లారీ డ్రైవర్లలో ఆ ఘాట్ పేరు తెలియనివాడుండడు. దిగేవాళ్ళకు అక్కడ బ్రేకుల పరీక్ష, ఎక్కేవాళ్ళకు ఇంజను పరీక్ష. ముందు బరువు లారీలు, వెనక బరువు లారీలు, మధ్యలో మేము రెండో గేరులో, ఏసీ వేసుకుని. సగం ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు లేవడం మొదలుపెట్టింది. ఎర్రగీత దాకా వెళ్ళింది. బండి పక్కకు తీసే చోటు కోసం చూస్తున్నాను. ఇంతలో ముల్లు దానంతట అదే కిందికి దిగింది. "అమ్మయ్య" అనుకున్నాను. ఏసీ ఆపి, ఇంకొక కిలోమీటరు పైగా నడిపాను. ఆ తరువాత ఇంజను గొంతు మారింది. యాక్సిలరేటరు తొక్కినా లాగలేదు. బానెట్ అంచుల్లోంచి పొగలా ఏదో లేచింది.

అమ్మను చెట్టు కింద కూర్చోబెడుతుంటే అడిగింది: "పొద్దున బాగానే ఉండెనా బండి?"

"బాగానే ఉండెనమ్మా" అన్నాను.

ఒక లారీ క్లీనరు మా అవస్థ చూసి నీళ్ళ డబ్బా ఇచ్చి, తనకు తెలిసిన మెకానిక్కుకు ఫోను చేశాడు. అరగంటలో అరవయ్యేళ్ళ మనిషి ఒకాయన మోపెడ్ మీద సంచితో వచ్చాడు. నేను గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పబోతుంటే దూరం నుంచే తమిళంలో కేకేసి ఆపాడు. ఆ మూత కింద నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి. బయటి గాలి ఒత్తిడికి మించి ఇంచుమించు ఇంకొక అంత. ఆ ఒత్తిడి వల్లనే అవి 100 డిగ్రీలు దాటినా మరగకుండా 120 దాకా ఓర్చుకుంటాయి. మూత తీసిన మరుక్షణం ఆ ఓర్పు పోయి ముఖం మీదికి చిమ్ముతాయి. అందుకని ఇంజను చల్లబడేదాకా ముప్పావుగంట ఊరికే కూర్చున్నాం. అమ్మ మంచినీళ్ళు అడిగిన మాట విని ఆయన ఇటు తిరిగి, "మేమూ తెలుగోళ్ళమేనమ్మా, మా తాతల కాలం నుంచీ ఈడనే" అన్నాడు. అప్పటినుంచి మా మాటలన్నీ తెలుగులోనే సాగాయి.

ముల్లు లేచి దిగిన సంగతి చెప్పి, "అది దిగింది కదా అని నడిపాను" అన్నాను. ఆయన నవ్వలేదు. "నీళ్ళుంటేనే గదా సార్ ముల్లు నిజం చెప్పేది" అన్నాడు.

ఆ మాట అప్పుడు పూర్తిగా ఎక్కలేదు. వేడిని కనిపెట్టే మీట నీళ్ళలో మునిగి ఉండాలి. నీళ్ళ వేడినే అది కొలుస్తుంది. నీళ్ళన్నీ పోయి అది ఖాళీలో నిలబడితే ఇంజను మండుతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. అంటే నేను ఏ క్షణాన ఊపిరి పీల్చుకున్నానో ఆ క్షణానే నా ఇంజను అన్నిటికన్నా పెద్ద ప్రమాదంలో ఉంది.

పైన ఉండే హోసు, ఇంజను నుంచి మరిగే నీళ్ళను రేడియేటరుకు తెచ్చే రబ్బరు గొట్టం, క్లిప్పుకు అంగుళం దూరంలో చీలింది. ఆయన సంచిలో కొత్త హోసు లేదు. సైకిలు ట్యూబు ముక్కను పట్టీలా కోసి, బిగించి పొరలు పొరలుగా చుట్టి, ఇనుప తీగతో కట్టాడు. నీళ్ళు నింపి, మూతను పూర్తిగా బిగించకుండా వదిలాడు. ఒత్తిడి పుట్టకపోతే కట్టు మీద భారం పడదు. కాని ఒత్తిడి లేకపోతే నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి నెమ్మదిగా పోవాలి, దారిలో ఆగి చూసుకోవాలి. ఇదంతా నాకు ఒక్కడికే చెప్పలేదు. నా భార్య ముందర, అమ్మ ముందర నిలబడి చెప్పాడు. "ఇది ధర్మపురి దాకానే సార్. దీన్ని నమ్మి హోసూరు పోవాలనుకోవద్దండి. ఆడ కొత్త హోసు ఏస్తాము. అంతవరకు రెండు మార్లు నిలిపి చూస్తాము. అమ్మకు ఇబ్బంది అనుకుంటే బస్సెక్కించేస్తాము." అమ్మ కాసేపు ఆలోచించి, "నువ్వు కూడా వస్తావా నాయనా?" అంది. వస్తానన్నాడు. "అట్లయితే దీంట్లోనే పోదాం" అంది. మోపెడ్‌ను దగ్గరి టీకొట్టులో వదిలి ముందు సీట్లో ఎక్కాడు. ఏసీ బదులు హీటరు వేయించాడు. ఇంజను వేడిలో కొంత మా మీదికి మళ్ళుతుందని. మే నెల ఎండలో హీటరు వేసుకుని ఇరవై పైచిలుకు కిలోమీటర్లు గంటకు పైగా ప్రయాణం చేశాం.

ధర్మపురిలో హోసు దొరికింది. మార్చడం పెద్ద విద్య కాదు గాని, ఆయన చేసిన పద్ధతి చూడదగింది. పాత హోసును గుంజి ఊడదీయలేదు. రేడియేటరు గొట్టం ప్లాస్టిక్కు కాబట్టి గుంజితే అది పగులుతుందని, హోసును నిలువునా కోసి ఒలిచాడు. గొట్టం మీద పేరుకున్న తెల్లటి పొక్కును గీకి శుభ్రం చేశాడు. క్లిప్పులు ముందు హోసుకు ఎక్కించి, హోసును చివరిదాకా తోసి, క్లిప్పును గట్టుకు లోపలి పక్కన బిగించాడు. మరీ బిగిస్తే అదే రబ్బరును కోస్తుందన్నాడు. కూలెంటు, నీళ్ళు సమంగా కలిపి పోసి, మూత తీసి ఉంచే ఇంజను నడిపాడు. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి వచ్చింది. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీళ్ళు గబుక్కున దిగాయి, మళ్ళీ నింపాడు. ఇంజను ఆయిలు తీసి చూశాడు. నీళ్ళు కలిసి ఉంటే అది పాలు పోసిన టీ రంగుకు మారుతుంది, మారలేదు. హెడ్ వంగితే, గాస్కెట్ పోతే మొత్తం విప్పాల్సిన పని. "ఇంజను బతికింది సార్. మీ అదృష్టం" అన్నాడు. హోసు, క్లిప్పులు, కూలెంటు, ఆయన కూలీ అన్నీ కలిపి రెండువేల లోపే తేలింది.

కోసి తీసిన పాత హోసును నా చేతికి ఇచ్చాడు. పైకి నల్లగా, నిగనిగలాడుతూ, ఇంకో అయిదేళ్ళు వస్తానన్నట్టు ఉంది. లోపలి పక్క చూస్తే క్లిప్పు ఉండే కొసన సన్నని నిలువు పగుళ్ళు. ఇది చాలా హోసుల స్వభావమేనట. లోహం, కూలెంటు, రబ్బరు మూడూ కలిసి ఒక బలహీనమైన బ్యాటరీలా పనిచేసి రబ్బరును లోపలి నుంచి తింటాయి. పగులు పైకి కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు చూసి ఊరుకోరు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు హోసు కొసలను వేళ్ళతో నొక్కి చూస్తారు. మధ్యభాగం కన్నా కొసలు మెత్తబడితే కాలం చెల్లినట్టే.

ఆ రాత్రి హోసూరు చేరినా నిద్ర పట్టలేదు. నన్ను పట్టి కుదిపింది కారు కాదు. "మీ అదృష్టం" అన్న మాట. దాని వెనకే ఒక పాత ఖాతా గుర్తుకు వచ్చింది.

2010 నుంచి 2013 దాకా నేను సేలం జిల్లాలో ఒక శాఖకు మేనేజరుగా పనిచేశాను. అక్కడ పన్నెండు మరమగ్గాల యజమాని ఒకతను మా ఖాతాదారు. మన భాషవాడే. బ్యాంకులో "సార్" అని, బయట "అన్నా" అని పిలిచేవాడు. ఆరు లక్షల పరిమితితో అప్పు. దానికి తనఖా అతని భార్య పేర ఉన్న ఇల్లు, జామీను ఆమె సంతకం. 2010 - 11లో నూలు ధర ఒక్కసారిగా ఎగిసింది. 2012లో తమిళనాడును కరెంటు కోతలు పీడించాయి. ఆ రెండూ మరమగ్గాల మీద బతికే ఊళ్ళను ఎంత దెబ్బతీశాయో ఆ ప్రాంతపు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

బ్యాంకులో ఒక నియమం ఉంది. 1991లో ఎం. నరసింహం అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం ఇచ్చిన నివేదిక తరువాత, 1992 - 93 నుంచి, రాని వడ్డీని వచ్చిన ఆదాయంగా రాసుకోవడానికి వీలులేకుండా రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. 2004 మార్చి నుంచి ఆ గడువు 90 రోజులు. 90 రోజులు దాటి బకాయి నిలిచిపోతే ఆ ఖాతాను నిరర్థక ఆస్తి అని పేరు పెట్టి పిలవాలి. అదే మా ముల్లు. అయితే గడువు పూర్తి కాకముందే పరిమితిని పెంచితే, పెంచిన సొమ్ములోంచే పాత వడ్డీ జమ అవుతుంది. ముల్లు దిగుతుంది. 2011 మార్చిలో ఆరు లక్షలను ఏడున్నర చేశాను. 2012 మార్చిలో తొమ్మిది. 2013 మార్చిలో పదకొండు. మగ్గాలు అవే పన్నెండు. వాటిలో ఆడేవి నానాటికి తగ్గుతున్నాయి. అప్పు మాత్రం కాగితం మీద శుభ్రంగా ఉంది. దీనికి మా వృత్తిలో "ఎవర్‌గ్రీనింగ్" అని పేరు, ఎప్పటికీ పచ్చగా ఉంచడమని. మా వాకిట్లో మరక కూడా పచ్చగానే ఉండేది.

నేను దురాశతో చేయలేదు. అతని దగ్గర ఒక్క కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. కష్టంలో ఉన్న మన మనిషిని ఆదుకుంటున్నానని నిజంగానే నమ్మాను. ఆ నమ్మకంలో మార్చి 31న నా శాఖ లెక్క శుభ్రంగా కనబడాలన్న కోరిక ఎంత పాలు కలిసిందో ఇప్పుడు విడదీసి చెప్పలేను. మూడుసార్లూ అతని భార్య వచ్చి సంతకం చేసింది. మూడోసారి పెన్ను పట్టుకుని, "ఏమి సార్, అంతా బాగానే ఉండాదా?" అని అడిగింది. "భయమేమీ లేదమ్మా" అన్నాను.

నేను బదిలీ అయ్యాక నా తరువాత వచ్చినాయన ఆ ఖాతాకు పెట్టవలసిన పేరు పెట్టాడు. అది ఆయన తప్పు కాదు. 2002 చట్టం కింద 60 రోజుల నోటీసు వెళ్ళింది. 2014లో ఆ ఇల్లు పోయింది. 2011లోనే కూర్చుని మాట్లాడి ఉంటే నాలుగు మగ్గాలు అమ్మి, అప్పు తగ్గించుకుని, మిగిలిన ఎనిమిదింటి మీద కూలి నేత నేసుకుని బయటపడేవాడని నా అంచనా. ఆ లెక్క నాకు అప్పుడూ వచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నా దయే.

నేనొక్కణ్ణే ఇలా చేశానని చెప్పుకుంటే అదీ ఒక రకం గర్వమే అవుతుంది. 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష పేరుతో బ్యాంకుల హోసు కొసలను నొక్కి చూసింది. 2018 మార్చి నాటికి వాణిజ్య బ్యాంకుల అప్పుల్లో నిరర్థకమైనవి నూటికి 11 దాటాయి. అవి ఆ మూడేళ్ళలోనే పాడయినవి కావు. చాలావాటికి అంతకుముందే పగుళ్ళు ఉన్నాయి. అప్పుడు పైకి కనిపించాయి.

ఇంగ్లండులో డబ్ల్యూ. కె. క్లిఫర్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1877లో, విశ్వాసాల నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని కథ ఉంది. ఓడ పాతది, ఎన్నోసార్లు మరమ్మతు చేసినది. వలస వెళ్ళే కుటుంబాలతో దాన్ని సముద్రంలోకి పంపబోతూ యజమాని సందేహపడతాడు. బాగు చేయిస్తే ఖర్చు. ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసింది, ఇదీ చేస్తుంది, దేవుడున్నాడు అని మనసుకు నచ్చజెప్పుకుంటాడు. చివరికి నిజంగానే నమ్ముతాడు. ఓడ నడిసముద్రంలో మునుగుతుంది. అతడు నిజాయితీగానే నమ్మాడు కదా అంటే, ఆ నమ్మకానికి అతనికి హక్కు లేదంటాడు క్లిఫర్డ్. అది పరీక్షించి సంపాదించుకున్న నమ్మకం కాదు, సందేహం గొంతు నొక్కి తెచ్చుకున్నది. ఆ తరువాత ఇంకొక మెట్టు ఎక్కుతాడు. ఆ ఓడ మునగకుండా క్షేమంగా చేరిందనుకోండి, యజమాని తప్పు ఏమైనా తగ్గుతుందా? ఆవగింజంతయినా తగ్గదంటాడు. చేరినా, మునిగినా అతడు చేసిన పని ఒక్కటే.

ఈ వాదం చాలా ఏళ్ళ క్రితమే చదివాను. ఓడల సంగతి మనకెందుకనుకుని పక్కన పెట్టాను. తొప్పూరు తరువాత అది నా ముందు రెండు కాగితాలు పరిచింది. ఒకదానిలో ఇంజను బతికింది. రెండోదానిలో ఇల్లు పోయింది. రెండింటిలోనూ నేను చేసింది ఒకటే: తగ్గింది చూసి, ఎందుకు తగ్గిందో వెతకకుండా, నింపాను. అదృష్టం ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ఇంజను బతికింది కాబట్టి కారు విషయంలో నిర్దోషిననుకునే అర్హత నాకు లేదు. ఇల్లు పోయింది కాబట్టి మాత్రమే రెండోదానికి బాధపడుతున్నానంటే, అది పోకపోయి ఉంటే ఆ మూడు సంతకాలను నా పుణ్యాల ఖాతాలో రాసుకుని ఉండేవాణ్ణని ఒప్పుకోవాలి.

ఇంతవరకు వచ్చాక, పోసే నీళ్ళన్నీ పాపమేనా అన్న ప్రశ్న రాక తప్పదు. అలా అంటే లోకం నడవదు. ఘాట్ ఎక్కే ఎన్ని లారీలకు నీళ్ళ డబ్బా వేలాడుతూ ఉండదు? కొత్త హోసు కొనే స్తోమత ఉండి వాయిదా వేసేవాడి తాత్సారం వేరు, స్తోమత లేక కట్టు కట్టుకుని నెట్టుకొచ్చేవాడి తంటా వేరు. ఒక నెల జీతంతో ఇంకొక నెల అప్పు తీర్చే సంసారాలు మనకు తెలియనివి కావు. వాళ్ళకు నీతి చెప్పే హక్కు, కొత్త హోసు కొనే డబ్బు జేబులో ఉంచుకుని మూడు వారాలు సీసా వంచిన నాకు లేదు. పైగా నన్ను ఆ రోజు ఒడ్డుకు చేర్చింది ఒక సైకిలు ట్యూబు ముక్కే. అదీ నింపడమే, అదీ కట్టే. మరి ఆయన కట్టిన కట్టుకూ నేను పోసిన నీళ్ళకూ తేడా ఏమిటి?

ఆయన ఎక్కడిదాకానో చెప్పాడు. ధర్మపురి అనే ఊరి పేరు చెప్పాడు. నా నీళ్ళకు ఊరు లేదు. ఎల్లుండి మళ్ళీ పోయడమే వాటి గమ్యం. మగ్గాల అప్పుకు నేను పెంచిన ప్రతి పరిమితికీ వచ్చే మార్చి ఒక్కటే గమ్యం. బాగుచేయడానికి దారి చూపే కట్టు ఒకటి, బాగుచేయడం అవసరం లేదనిపించే కట్టు ఒకటి. రెండూ చూడడానికి ఒకే రబ్బరు ముక్క.

అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన ఆ మాట ఎవరి ముందర చెప్పాడు? బండి నాది, డబ్బు ఇచ్చేది నేను. అయినా వెనక సీట్లో కూర్చోవలసిన మనిషి వినేలా చెప్పాడు. భయం ఎవరి నెత్తిన ఉందో వాళ్ళకు సంగతి తెలియాలనుకున్నాడు. బస్సు అనే రెండో దారిని కూడా ఆమె ముందు పెట్టాడు. ఆమె వద్దంది. వద్దనడం వేరు, వద్దనే అవకాశమే లేకపోవడం వేరు. నా భార్య మరక గురించి అడిగితే ఏసీ నీళ్ళన్నాను. అమ్మ చెట్టు కింద అడిగితే బాగానే ఉండెనన్నాను. ఇల్లు తన పేర ఉన్న ఆ మనిషి పెన్ను పట్టుకుని అడిగితే భయం లేదన్నాను. ముగ్గురూ అడిగారు, ముగ్గురికీ నేను ముల్లు దిగిందనే చెప్పాను. నీళ్ళు పోయడం పాపం కాదు. పోస్తున్న సంగతి, ఎందుకు పోయవలసి వస్తోందన్న సంగతి, ఆ బండిలో కూర్చున్నవాళ్ళకు చెప్పకపోవడం పాపం. వాళ్ళ ప్రమాదం గురించిన నిర్ణయాన్ని వాళ్ళ చేతిలోంచి తీసుకుని, దానికి దయ అని పేరు పెట్టడం పాపం.

నిజం చెబితే మంచే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. కిందటి నెల ఒక కిరాణా దుకాణం ఖాతా నా ముందుకు వచ్చింది. కొడుకు వ్యాపారం, తల్లి జామీను. సరుకు తగ్గుతోంది, అప్పు పెరుగుతోంది. పరిమితి పెంచితే ఈ ఏడు గడుస్తుంది. ఇద్దరినీ పిలిపించి, తల్లికి అర్థమయ్యే భాషలో లెక్క మొత్తం చెప్పాను. పెంచితే ఏమవుతుందో, పెంచకపోతే ఏమవుతుందో, ఇల్లు ఎక్కడ నిలబడి ఉందో చెప్పాను. కొడుక్కి కోపం వచ్చింది. ఇంకో బ్యాంకుకు పోతామని లేచాడు. తల్లి ఏమీ అనలేదు. వాకిలి దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళు తిరిగి వస్తారో రారో, వేరే చోట ఎవరైనా నీళ్ళు పోస్తారో తెలియదు. నా లెక్క తప్పయితే వాళ్ళకు రావలసిన సాయాన్ని చెడగొట్టినవాణ్ణి కూడా నేనే అవుతాను. ఆ భయం ఉంది. కాని ఈసారి ఆ భయం నా ఒక్కడి సొరుగులో లేదు. ముగ్గురం పంచుకున్నాం.

ఇక ఇంటి లెక్క ఒకటి మిగిలింది. హోసు మార్చిన మర్నాడు ఇంజను చల్లగా ఉండగా, ఆ మెకానిక్కు చెప్పినట్టే, డబ్బాలో నీళ్ళు చూశాను. గీత దగ్గరే ఉన్నాయి. నా భార్య వాకిలి కడిగి ముగ్గు వేసింది. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, నీళ్ళు మూడు వారాలుగా తగ్గుతున్న సంగతి నాకు తెలుసని, పెళ్ళికి బయలుదేరిన పొద్దున కూడా పోశానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె తమలపాకుకు సున్నం రాసుకుంటూనే, ఇదేమి పెద్ద సంగతి అన్నట్టు అంది:

"ఆ పొద్దే చెప్పింటే బస్సులో పోయింటాం గదరా."